పింఛనొచ్చిన మర్నాడు

ఎసట్లో బియ్యం పోసి, గరిటెతో అడుగంటా ఒకసారి కలిపి, మూత వేయబోతూ ముత్తమ్మ ఆగిపోయింది. ఆవిరి ముఖానికి కొట్టింది. ఆ ఆవిరిలోనే నిలబడి ఆమె నవ్వింది.

పక్కన కత్తిపీట ముందు కూర్చుని ఉల్లిగడ్డలు తరుగుతున్న తోటి వంటమనిషి నీలవేణి తలెత్తి చూసింది. పొద్దున్నుంచీ ఇది మూడోసారి.

“ఏందత్తా, నీలో నువ్వే నవ్వుకుంటున్నవ్?”

“ఏం లేదు తియ్. నువ్వు ఉల్లిగడ్డ కొయ్యి.”

“కోసుడు నాది, ఏడ్సుడు నాది. నవ్వుడేమో నీది. మంచిగున్నదిపో.”

ముత్తమ్మ ఆ మాటకు కూడా నవ్వింది. మూత వేసి, మంట తగ్గించి, పాలకూర కట్టల ముందు కూర్చుంది.

నాచారం పారిశ్రామికవాడలో, మందుల కంపెనీల ప్రహరీలు దాటి లోపలికి వెళితే, నీళ్ల పంపులకు ఇరుసులు చేసే పాత కర్మాగారం ఒకటుంది. దాని వెనుక గోడకు ఆనించి వేసిన రేకుల షెడ్డే క్యాంటీన్. ఒక పక్క లేత్ మిషన్ల రొద. ఇంకో పక్క, గాలి తిరిగినప్పుడల్లా మందుల వాసన. ఈ రెండింటి మధ్య ఇరవై తొమ్మిదేళ్లుగా ముత్తమ్మ నూటపది మందికి వండుతోంది. పన్నెండున్నరకు సైరన్ మోగేసరికి అన్నం, పప్పు, ఒక కూర, చారు, మజ్జిగ బల్ల మీదికి రావాలి. ఇన్నేళ్లలో ఒక్కసారి ఆలస్యమైంది. అది గ్యాస్ బండ రాని రోజు. తన తప్పేమీ లేకపోయినా ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు సిగ్గే.

మనిషి పొట్టి. ఎడమ భుజం కంటే కుడి భుజం రెండంగుళాలు కిందికి జారి ఉంటుంది. పెద్ద పెద్ద అన్నం గుండీలు ఎత్తి ఎత్తి అలా అయిందని ఆమే చెబుతుంది. మోచేతుల దాకా నూనె చిట్లిన మచ్చలు, వాటి మధ్య ఎప్పుడో చిన్నప్పుడు పొడిపించుకున్న పచ్చబొట్టు. తేలు బొమ్మ అని ఆమె అంటుంది గానీ, చూసినవాళ్లకు అది వంకాయలా కనిపిస్తుంది. వేళ్ల చివర్లు గిన్నెలు తోమి తోమి నున్నగా అద్దంలా అయ్యాయి. తనిఖీకి ఎవరో వస్తారని రెండేళ్ల కిందట ఇద్దరికీ తలకు పెట్టుకునే తెల్ల టోపీలు ఇచ్చారు. ముత్తమ్మ దాన్ని కొప్పు వరకే తొడుగుతుంది, సీసాకు బిరడా పెట్టినట్టు.

ఆమె నవ్వుకు కారణం నిన్న సాయంత్రం ఫోన్‌లో వచ్చింది.

ఉప్పల్ పాత ఊళ్లో, ఒకప్పుడు వాళ్ల అత్తగారికి కూరగాయల మడులున్న చోటికి దగ్గర్లోనే, ముత్తమ్మ వాళ్ల రెండు గదుల ఇల్లు. మడులు ఎప్పుడో అమ్ముడుపోయాయి. ఇల్లు మిగిలింది. నిన్న ముత్తమ్మ వాకిట్లో కాళ్లు కడుక్కుంటుంటే కొంగులో ఫోన్ టింగుమంది. తీసి గడప లోపలికి చాపితే, కుట్టుమిషన్ దగ్గర కూర్చున్న కోడలు పూర్ణిమ దాన్ని అందుకుని చదివి, పెడలు మీద నుంచి కాలు తీసేసింది.

“అత్తమ్మా! పింఛన్ పైసలు పడ్డయి! నీ పేరు మీద పడ్డయి!”

పడతాయని ముత్తమ్మ ఆశ వదులుకుని చాలా రోజులైంది. భర్త బిక్షపతి బతికున్నప్పుడు ఆ పింఛను ఆయనకు వచ్చేది. పోయిన ఏడాది ఆయన పోయాక, దాన్ని ఆమె పేరుకు మార్చుకోవచ్చని ఎవరో చెబితే దరఖాస్తు పెట్టింది. ఆధార్ కార్డులో ఆయన పేరు బిక్షపతి. చనిపోయిన కాగితంలో భిక్షపతి. ఆఫీసులో కూర్చున్న కుర్రాడు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, ఇద్దరూ ఒకరేనని రుజువు తెమ్మన్నాడు. ముత్తమ్మ నాలుగుసార్లు తిరిగింది. నాలుగోసారి ఓపిక అయిపోయింది.

“నాకు ఇద్దరు మొగుళ్ళు లేరు సారూ. ఉన్నది ఒక్కడే. ఆ ఒక్కనితోనే సగం పానం పోయింది. ఇంకొకడుంటె నేను గీడి దాక వచ్చెదాన్నా?”

ఆఫీసంతా నవ్వింది. ఆ కుర్రాడూ నవ్వి, కాగితం మీద ఏదో రాసి, ముద్ర వేసి లోపలికి పంపాడు. నవ్వించినందుకే పని అయిందో, నాలుగుసార్లు తిరిగినందుకే అయిందో ఆమెకు తెలియదు. మొత్తానికి అయింది.

రెండు వేల చిల్లర. దానితో ఇల్లు గడవదు. ఆ సంగతి ముత్తమ్మకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇల్లు గడిపేది కొడుకు గోవర్ధన్. ఏసీలు బిగించే పనిలో బాగానే సంపాదిస్తాడు. “అమ్మా, ఇగ బంద్ జెయ్యే, ఇంటికాడ ఉండు” అని మూడేళ్లుగా అంటున్నాడు. కోడలూ అదే మాట. ఆమే వినలేదు.

మూడేళ్ల కిందట జ్వరం వచ్చి ఆమె పదిహేను రోజులు ఇంట్లో ఉండిపోయింది. ఒక పూట తలనొప్పి గోలీలు అయిపోయాయి. ఇరవై రూపాయలు కావాలి. పూర్ణిమ ముందు గదిలో కుడుతోంది. ముత్తమ్మ లేచి వెళ్లి మధ్య తలుపు తెర పట్టుకుని నిలబడింది. అడిగితే ఇస్తుంది. ఒక్క మాట కూడా అనదు. అంత మంచి పిల్ల. అయినా, ఆ పిల్ల జాకెట్టు చేయి మొత్తం కుట్టేదాకా ఆ తెర కొసను వేలికి చుట్టుకుంటూ నిలబడి, చివరికి “ఏం కూర జేద్దామే?” అని అడిగి వెనక్కి వచ్చి పడుకుంది. పదహారో రోజు జ్వరం పూర్తిగా తగ్గకుండానే పనికి వచ్చేసింది.

నిన్న పూర్ణిమ ఫోన్ తిరిగి చేతికిచ్చినప్పుడు ముత్తమ్మకు ఆ తెర గుర్తొచ్చింది. ఇక ఆ తెర పట్టుకుని నిలబడే పని లేదు. గోలీలు తనవే, చాయపత్తి తనదే, మనవరాలి చేతిలో పెట్టే పది రూపాయలు తనవే. పొద్దున లేచి ముఖం కడుక్కుంటుంటే నోట్లోంచి దానంతటదే మాట వచ్చింది.

“ఇగ చాలు.”

ఇరవై తొమ్మిదేళ్లలో ఆమె ఆ మాట ఎవరితోనూ అనలేదు. అంత తేలిగ్గా వస్తుందనుకోలేదు. ఇవాళ క్యాంటీన్ కంట్రాక్టర్‌తో చెప్పేయాలి. ఆ ఒక్కటే కష్టం.

*

కంట్రాక్టర్ లక్ష్మీకాంత్ పదిన్నరకు స్కూటర్ మీద వచ్చాడు. ముందు ఆలుగడ్డల సంచి, వెనక మజ్జిగ క్యాను. ముప్పై అయిదేళ్ల మనిషి. ఈ క్యాంటీన్ తీసుకున్నవాళ్లలో ఏడోవాడు. చెడ్డవాడు కాడు. జీతం అయిదో తారీకు దాటనివ్వడు. ముత్తమ్మను అమ్మా అంటాడు. కాకపోతే ఎప్పుడూ ఏదో ఒకటి పోయినవాడిలా జేబులు తడుముకుంటూ ఉంటాడు.

“ముందటి వారం పెట్టిన పిల్ల రాలేదా అమ్మా?”

“రాలే సారూ.”

“వస్తదా! ఎందుకొస్తది?” లక్ష్మీకాంత్ సంచి కింద పడేశాడు. “రేషన్ల సన్నబియ్యం. బస్సు ఫ్రీ. పింఛన్లు. పైసలు ఊకె పంచుతున్నరు, ఇంట్ల కూసోని తినుడు మరిగిన్రు. పనికి మనిషి కావాలంటె దొరుకుతలేరు. ముగ్గురి పని మీ ఇద్దరితోని ఎన్ని దినాలు నడిపియ్యాలె నేను?”

“సారూ, ఒక మాట…” అంది ముత్తమ్మ.

అప్పుడే అతని ఫోన్ మోగింది. “జర ఆగమ్మా” అని చెవికి పెట్టుకుని బయటికి వెళ్లిపోయాడు.

ముత్తమ్మ ఆలుగడ్డలు కుమ్మరించి కడగడం మొదలుపెట్టింది. ఏదో దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టుంది. తాను ఇప్పుడు నోరు విప్పితే అతనన్న మాటే నిజమవుతుంది. పైసలు పడ్డాయి, ముసల్ది పని మానేసింది. రేపు ఎవరితో మాట్లాడినా తన పేరే చెబుతాడు.

“ఏం మాట చెప్పాల్నంటివి?” నీలవేణి అడిగింది.

ముత్తమ్మ అటూ ఇటూ చూసి చెప్పింది. పింఛను, ఫోన్‌లో వచ్చిన కబురు, ఇక చాలనుకోవడం, అన్నీ. నీలవేణి కత్తిపీట మీదనుంచి లేచి తడిచేతులతోనే ఆమె రెండు బుగ్గలూ పట్టుకుంది.

“గందుకానే గా నవ్వు! పో అత్తా, పో. హాయిగ పో.” అని, మరుక్షణం ఆమె ముఖం చిన్నబోయింది. “మరి నేనొక్కదాన్నే?”

నీలవేణికి నలభై. మొగుడు వదిలేసి పోయి పదేళ్లు. మల్లాపూర్‌లో కిరాయి గది, ఇంటర్ చదివే కూతురు. జీతం పెంచమని రెండుసార్లు లక్ష్మీకాంత్‌ను అడిగింది. రెండుసార్లూ అతను ఒకే జవాబు చెప్పాడు. ముత్తమ్మ అంత పెద్దది, ఆమే అడుగుతలేదు, నీకేం తొందర? ఆ మాట నీలవేణి ఎప్పుడో నవ్వుతూ చెప్పింది. చెప్పినప్పుడు ముత్తమ్మ కూడా నవ్వింది. ఇవాళ, ఆలుగడ్డ చెక్కు తీస్తుంటే, అందులో నవ్వాల్సింది ఏమీ లేదని అనిపించింది. తాను అడక్కపోవడం తన మంచితనం అనుకుంది ఇన్నేళ్లు. అది ఈ పిల్ల నెత్తిన బండై కూర్చుంది.

“పప్పు పొంగుతున్నదత్తా!”

ఇద్దరూ ఒకేసారి లేచారు.

*

సైరన్ మోగింది. లేత్‌లు ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో చెప్పుల చప్పుడు, నల్లాల చప్పుడు, ఆకలి మీదున్న మగవాళ్ల మాటలు. పళ్ళేల వరుస కదిలింది. ముత్తమ్మ అన్నం, నీలవేణి పప్పూ కూరా. ఎవరికి ఎంత పెట్టాలో ముత్తమ్మ చేతికి తెలుసు. ముఖం చూడనక్కర్లేదు, పళ్ళెం పట్టుకున్న చేతిని బట్టి పెడుతుంది.

కిటికీ పక్క బల్ల దగ్గర స్టోర్స్ ఆఫీసర్ జనార్ధనరావు కూర్చున్నాడు. వచ్చే నెల రిటైరవుతున్నాడు. ఆఫీసువాళ్లు ఇంటి డబ్బాలు తెచ్చుకుంటారు గానీ, ఆయన మొదటినుంచీ క్యాంటీన్లోనే తింటాడు. ఇంటినుంచి తెచ్చుకునేది ఒక్క చింతతొక్కు సీసా. దాన్ని ఎవరికీ ఇవ్వడు. ఎదురుగా లేత్ ఆపరేటర్ ధర్మేందర్. ఇద్దరూ రోజూ ఏదో ఒకదాని మీద కొట్లాడుకుంటారు, రోజూ ఎదురెదురుగానే కూర్చుంటారు.

ధర్మేందర్ ఫోన్‌లో ఎవరో అరుస్తున్నారు. టీవీ చర్చ. పేదలకు చేతికి డబ్బివ్వాలా వద్దా అని.

“బంద్ జెయ్యి దాన్ని,” అన్నాడు జనార్ధనరావు. “నా జీతంల టాక్స్ కోసుకపోయి పంచుతున్నరు. అడిగెటోడు లేడు.”

“మీ ఒక్కరిదే కోస్తున్నరా సారూ? నేను సబ్బు కొన్నా కోస్తున్నరు. మా అమ్మ బీపీ గోలీలు పింఛన్ పైసలతోనే వస్తున్నయి. తప్పంటరా?”

“మీ అమ్మను అంటలేనయ్యా. ముసలోళ్ళకు ఇయ్యి, వద్దన్ననా? పని జేసె చేతులకు పైసలెందుకు? పని ఇయ్యాలె, సదువియ్యాలె. ఊకె ఇచ్చుకుంట పోతె రేపు గా అప్పు ఎవరు కడతరు? నీ పిల్లలు కడతరు.”

“పెద్ద పెద్ద కంపెనీలకు మాఫీ జేస్తె అప్పు కాదు. మా అమ్మకు ఇస్తె అప్పు!”

“అది తప్పే. ఇది గూడ తప్పే.”

లోపలికి వచ్చి గల్లా దగ్గర కూపన్లు సర్దుకుంటున్న లక్ష్మీకాంత్ అందుకున్నాడు. “సారు చెప్పింది నూరుపాళ్లు నిజం. నాకు మనుషులు దొరుకుతలేరు సారూ.”

జనార్ధనరావుకు బలం వచ్చింది. కుర్చీలో వెనక్కి తిరిగి చేయి చాపాడు.

“అందరు ముత్తమ్మను సూడున్రి. అరవై దాటినయి. నేను స్టోర్స్‌ల చేరినప్పటిసంది సూస్తున్న. ఏనాడన్న ఒకరి ముందట చెయ్యి చాపిందా? ఊకె ఇస్తె తీసుకుంటదా? చెయ్యి ఆడినంత కాలం కష్టపడి తింటది. ఆత్మగౌరవమంటె అది!”

క్యాంటీన్‌లో తలలన్నీ ఇటు తిరిగాయి. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. ముత్తమ్మ గరిటె అన్నం మీదే ఆగిపోయింది. నీలవేణి కింది పెదవి కొరుక్కుంటోంది, నవ్వు ఆపుకోవడానికో భయంతోనో.

చెప్పకుండా ఉండొచ్చు. ఇవాళ నవ్వేసి ఊరుకుని, రేపటినుంచి రాకుండా ఉంటే సరిపోతుంది. కానీ జనార్ధనరావు అంత ప్రేమగా చూస్తున్నాడు. అబద్ధం మీద అంత ప్రేమ పెట్టించుకోవడం ఆమెకు నచ్చలేదు.

“నాకు నిన్ననే పడ్డయి సారూ,” అంది.

“ఏంటివి?”

“పింఛన్ పైసలు.”

ధర్మేందర్ బల్ల గుద్దాడు. క్యాంటీన్ మొత్తం గొల్లుమంది. జనార్ధనరావు చేయి ఇంకా గాల్లోనే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తెలియలేదు.

“ఆగున్రి, ఇంకోటి ఉన్నది,” అంది ముత్తమ్మ. నవ్వు ఆగడం లేదు. “లక్ష్మీకాంత్ సారూ, పొద్దున చెప్పనీకి చూసిన. మీరన్నది నిజమే. పైసలు పడ్డయి గనుకనే పని బంద్ జేస్తున్న. రేపటిసంది రాను.”

“అమ్మా!” లక్ష్మీకాంత్ చేతిలోని కూపన్లు జారిపోయాయి.

“సూసిన్రా, నేనేమంటున్న?” అన్నాడు జనార్ధనరావు, కానీ ఆ గొంతులో గెలిచిన సంతోషం లేదు. నిజంగా నొచ్చుకున్నాడు. “నువ్వు గూడనా ముత్తమ్మా?”

ముత్తమ్మ గరిటె పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని, ఆ బల్ల దగ్గరికి వెళ్లింది. తినేవాళ్ల మధ్యకు ఆమె వడ్డించడానికి తప్ప ఎప్పుడూ రాలేదు.

“సారూ, మీకు వచ్చె నెల శాలువ కప్పుతరంట గద. పింఛన్ వస్తదా మీకు?”

“వస్తది. చిన్నదే.”

“ఎంతదైతేంది. మీరు అలిసిన్రు, ఇగ కూసోమని ఇస్తున్రు. నేను అలువలేదా సారూ?”

“నాది నా జీతంలకెల్లి కోసి దాసిపెట్టింది ముత్తమ్మా. ఒకరు పంచింది కాదు.”

“నా జీతంల గూడ కొయ్యనిద్దును. ఏడుగురు కంట్రాక్టర్లు మారిన్రు. ఒక్కలన్న కోసిన్రా, ఒక్కలన్న దాసిన్రా? నేను వండింది మాత్రం అందరు తిన్నరు.” ఆమె లక్ష్మీకాంత్ వైపు చూడలేదు. అయినా అతను కూపన్లు ఏరుకునే నెపంతో బల్ల కిందికి వంగాడు. “రెంటికీ పేరు పింఛనే గద సారూ. మీదొస్తె మీరు రిటైరైనట్టు. నాదొస్తె నేను ఊకె తినుడు మరిగినట్టా?”

జనార్ధనరావు అన్నం కలపడం మొదలుపెట్టాడు. అప్పటికే కలిపిన అన్నమే అది. తల ఎత్తకుండానే, “అందరూ నీ లెక్క ఇరవై తొమ్మిదేండ్లు చేసినోళ్ళు కాదు ముత్తమ్మా. అదే నా బాధ” అన్నాడు.

“కావచ్చు సారూ. వాళ్ల సంగతి నాకెర్క లేదు. నా సంగతి చెప్పిన.”

ఆ మాటతో వాదం ఆగింది. అంటే రేపటికి వాయిదా పడిందని అందరికీ తెలుసు.

లక్ష్మీకాంత్ మాత్రం లేచి నేరుగా వచ్చాడు. “అమ్మా, గిట్ల నడిమిట్ల ఇడిసిపెడితె ఎట్ల? నీ చేతి పప్పు కోసమే కంపెనీవాళ్లు నన్ను ఉంచుకున్నరు. వెయ్యి పెంచుత. ఉండు.”

ముత్తమ్మ తల అడ్డంగా ఊపింది.

“రెండు వేలు!”

ఇరవై తొమ్మిదేళ్లుగా అడగని మాట, వద్దన్న రోజున దానంతటదే నడిచొచ్చింది. ముత్తమ్మకు కోపం రావాలి. రాలేదు. పొట్టలోంచి నవ్వు తన్నుకొచ్చింది. ఆమె వెనక్కి తిరిగి నీలవేణి వైపు చూసింది. అంతే. నీలవేణికి అర్థమైంది. చేతిలో పప్పు గరిటెతోనే ముందుకొచ్చింది.

“సారూ, గా రెండు వేలు నాకు పెంచున్రి. అత్త పప్పు నాకొస్తది. ఇంకొక మనిషిని గూడ మంచి జీతమిచ్చి పెట్టున్రి, ఉంటది. లేకుంటె రేపు ఈ నూటపది మందికి మీరే వండున్రి.”

“పెంచాలె! పెంచాలె!” అని ధర్మేందర్ అరిచాడు. వెనక బల్లల మీద పళ్ళేలు మోగాయి. వరుసలో నిలబడ్డ నలభై మంది ఆకలితో చూస్తున్నారు. లక్ష్మీకాంత్ జేబులు తడుముకున్నాడు. అటు చూశాడు, ఇటు చూశాడు.

“సరే తల్లీ. ముందు పప్పు వెయ్యి వాళ్లకు.”

నీలవేణి వేసిన ఆ మొదటి గరిటె పప్పు పళ్ళెం దాటి ఒకతని చొక్కా మీద పడింది. అతను కూడా నవ్వాడు.

*

వరుస సగం అయ్యాక నీలవేణి ముత్తమ్మ చేతిలోంచి గరిటె లాక్కుంది.

“పోయి కూసో. ఆళ్లతోని తిను ఇయ్యాల.”

ముత్తమ్మ రోజూ రెండున్నరకు తింటుంది, అందరూ వెళ్లాక, పొయ్యి పక్కన కింద కూర్చుని, అడుగున మిగిలిన చల్లటి అన్నం. వద్దు వద్దంటున్నా ధర్మేందర్ కుర్చీ లాగాడు. ఆమె అంచు మీద కూర్చుంది, ఎవరైనా పిలిస్తే లేవాలన్నట్టు. నీలవేణి రెండో గుండీ మూత తీసి, పొగలు కక్కుతున్న అన్నం పెట్టింది. పప్పు వేసింది. ఆలుగడ్డ కూర వేసింది. వేలు కాలి ముత్తమ్మ చేయి వెనక్కి తీసుకుంది. తన అన్నం తన వేలు కాల్చడం ఆమెకు మహా సంబరంగా అనిపించింది. ఊదుకుంటూ మొదటి ముద్ద పెట్టుకుంది.

నమిలింది. ఆగింది. మళ్లీ నమిలింది.

“నీలా! పప్పుల ఉప్పు తక్కువున్నదే!”

అందరూ పళ్ళేల్లోకి తలలు వంచారు.

“రోజు గిట్లనే ఉంటదా?” ఆమె బల్ల చుట్టూ ఒక్కొక్కరినీ చూసింది. “చల్లారినంక తింటె తెలువలే నాకు. ఇన్నేండ్లసంది ఒక్కలు గూడ చెప్పలే?”

“నిన్ను చిన్నబుచ్చుడెందుకని,” అన్నాడు ధర్మేందర్ తల గోక్కుంటూ.

జనార్ధనరావు గొంతు సవరించుకున్నాడు. “నేను సీసా ఎందుకు తెచ్చుకుంటున్న అనుకున్నవు మరి?” అని, చింతతొక్కు సీసా మూత తిప్పి, ఆమె పళ్ళెం దగ్గరికి జరిపాడు. ఆ సీసా ఆయన చేయి దాటడం ఆ క్యాంటీన్ ఎప్పుడూ చూడలేదు. ముత్తమ్మ వేలితో ఇంత తీసుకుని పప్పులో కలిపింది. కళ్లలో నీళ్లు తిరిగేంత నవ్వు వచ్చింది. నవ్వుతూనే తింది. రెండోసారి అన్నం అడిగి పెట్టించుకుంది. చారు చేతిలో పోయించుకుని జుర్రింది. జుర్రిన చప్పుడుకు తానే సిగ్గుపడి కొంగు అడ్డం పెట్టుకుంది.

రెండో సైరన్ మోగింది. మగవాళ్లు లేచి పళ్ళేలు తొట్టి దగ్గర పడేసి వెళ్లిపోయారు. వెళ్తూ వెళ్తూ కొందరు “పెద్దమ్మా, పోయిరా” అన్నారు. కొందరు తలూపారు. జనార్ధనరావు తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

“నా శాలువ రోజు రావాలె నువ్వు. భోజనాలుంటయి.”

“వస్త సారూ. ఎవరు వండుతున్రు?”

“నువ్వు కాదు.”

“ఐతె పక్కా వస్త.”

లక్ష్మీకాంత్ గల్లా తాళం వేసుకుంటూ ఆమె వైపు చూడకుండా అన్నాడు. “రేపటిసంది ఎందుకమ్మా. ఇప్పుడే పో. సగం పూటకు పైసలు కోసేంత చెడ్డోణ్ణి కాదు.” తాళంచెవి జేబులో వేసుకుని, “పానం మంచిగ చూసుకో” అని స్కూటర్ దగ్గరికి వెళ్లిపోయాడు.

ముత్తమ్మ చేయి కడుక్కుంది. తొట్టి నిండా పళ్ళేలు గుట్టగా ఉన్నాయి. కాళ్లు అటు రెండడుగులు వేశాయి. నల్లా దగ్గర నీలవేణి తడిచేయి అడ్డం పెట్టింది.

“అత్తా. పో.”

“నువ్వొక్కదానివే…”

“జీతం పెరిగింది గద. పో.”

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఒక్క నిమిషం ఊగారు. నీలవేణి ఆమె కొప్పు మీది తెల్ల టోపీ ఊడదీసి తన నడుములో దోపుకుంది.

గేటు దగ్గర కాపలా మనిషి లేచి నిలబడ్డాడు. “ఏమైందమ్మా, గీ టైముకే పోతున్నవ్? పానం బాగలేదా?”

“మంచిగున్నది నాయినా. మస్తు మంచిగున్నది.”

మధ్యాహ్నం రెండింటికి నాచారం ఎలా ఉంటుందో ముత్తమ్మ ఎప్పుడూ చూడలేదు. ఆమెకు తెలిసింది పొద్దుటి నాచారం, పొద్దుగూకిన నాచారం. ఇప్పుడు రోడ్డు మీద తెల్లటి ఎండ పరుచుకుని ఉంది. టైర్ల దుకాణం ముందు ఒకతను బనీను తీసి తల దువ్వుకుంటున్నాడు. బండి మీద జామకాయలు నీళ్లు చల్లి మెరుస్తున్నాయి. ముత్తమ్మ రెండు కొనుక్కుని, ఒకటి అక్కడే నిలబడి కొరికింది. ఉప్పల్ బస్సు వచ్చింది. సగం ఖాళీ. ఆడవాళ్లకని కండక్టరు చింపిచ్చిన సున్నా టికెట్‌ను ముడుచుకుని, కిటికీ పక్కన కూర్చుని, చెప్పులు విడిచి, కాళ్లు సీటు మీదికి తీసుకుంది. గాలికి జుట్టు రేగింది. సరిచేసుకోలేదు. రేపు ఏం చేస్తావని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. బస్సు మూల తిరిగింది.

క్యాంటీన్‌లో నీలవేణి తొట్టిలోని పళ్ళేలన్నీ తోమి, బోర్లించి, పొయ్యి తుడిచి, తాళం తీసుకుంది. కిటికీ పక్క బల్ల మీద ఒక్క పళ్ళెం మిగిలి ఉంది. అంచున ఎండుతున్న పాలకూర పప్పు, పక్కకు తీసిపెట్టిన ఒక ఎండుమిరపకాయ, ముత్తమ్మ తిని, కడగకుండా వదిలి వెళ్లిన పళ్ళెం.